రాయి ఎలా వచ్చింది, అమ్మమ్మా?

ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్తే ముందుగా గదుల్లోకి తీసుకెళ్ళకండి. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి చెప్పి రిటైరైన మనిషిగా నేనిచ్చే మొదటి సలహా ఇదే. గదుల్లో ఫొటోలుంటాయి, పటాలుంటాయి, వాటి కింద రాతలుంటాయి. పెద్దవాళ్ళం వాటి ముందు నిలబడి, గొంతు సవరించుకుని, పైకి చదవడం మొదలుపెడతాం. రెండు ఫొటోలయ్యేసరికి పిల్లల కళ్ళు ఆవరణలో ఉన్న ఇనప సామాను మీదికి పోతాయి. వాళ్ళ చూపే కరెక్టు. ఆ ఇనుము దగ్గరికే ముందు వెళ్ళాలి.

రాజమండ్రికి దిగువన, గోదారి పాయలుగా విడిపోయే చోట ఉంది ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఇక్కడ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్. ఆయన పేరు మీద, బ్యారేజీకి దగ్గర్లోనే, 1988లో ఈ మ్యూజియం పెట్టారు. సుమారు వంద చిత్రాలు, ఆనాటి పనికి వాడిన ఓ పదిహేను యంత్రాలు, పనిముట్లు ఇందులో ఉన్నాయి. పెద్ద మ్యూజియమేమీ కాదు. హైదరాబాదులో సాలార్‌జంగ్ చూసినవాళ్ళు ‘ఇంతేనా’ అంటారు. కానీ సాలార్‌జంగ్‌లో లేనిది ఇక్కడొకటుంది. గదిలో నమూనాగా చూసిన కట్టడం నాలుగడుగులు బయటికి వేస్తే నిజంగా నీళ్ళాపుతూ కనిపిస్తుంది. యంత్రాల మ్యూజియాల్లో మామూలుగా పని మానేసిన యంత్రాలుంటాయి. ఇక్కడ యంత్రాలు మానేశాయి గానీ పని మానలేదు. నూట డెబ్బయ్యేళ్ళు దాటినా నడుస్తూనే ఉంది.

వేసవి సెలవుల్లో హైదరాబాదు నుంచి మనవలొస్తే అందుకే వాళ్ళనిక్కడికి తెచ్చాను. పెద్దది ఆరో తరగతి, చిన్నాడు రెండు. పెద్దదానికి అన్నీ ముందే తెలుసు. చిన్నాడికి ఏదీ తెలీదు, అందుకని ఏదైనా అడుగుతాడు. మ్యూజియానికి ఇలాంటి జంటే మంచిది.

ఆవరణలో తుప్పు రంగు తిరిగిన ఒక యంత్రం ముందు చిన్నాడు ఆగిపోయాడు. “ఇదేంటమ్మమ్మా?”

పేరు చెప్పలేదు. చెబితే వాడు ‘ఓహో’ అని పక్కదాని దగ్గరికి పోతాడు. పేరు తెలియగానే పిల్లలకి ఆ వస్తువుతో పనైపోతుంది. “ఇది ఏం పని చేసేదనుకుంటున్నావురా?” అని ఎదురడిగాను. మేము మా స్కూల్లో ఒక సూత్రం పెట్టుకున్నాం: చక్రముంటే తిరుగుతుంది, కొక్కెముంటే ఎత్తుతుంది, పొగగొట్టముంటే మండుతుంది, గొలుసుంటే లాగుతుంది. ఈ నాలుగూ చేతిలో పెడితే రెండో తరగతి పిల్లాడు కూడా సగం యంత్రాల గుట్టు విప్పేస్తాడు. వాడు చక్రం చూశాడు, పళ్ళు చూశాడు, చిన్న చక్రం పెద్ద చక్రానికి కరుచుకుని ఉండటం చూశాడు. “చిన్నదాన్ని తిప్పితే పెద్దది తిరుగుద్ది” అన్నాడు. అదే సగం మెకానిక్స్.

మిగతా సగం పెద్దదానికి వదిలాను. చిన్న చక్రానికి పన్నెండు పళ్ళు, పెద్దదానికి అరవై ఉంటే చిన్నది ఎన్ని చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుంది? అయిదు. అంటే చెయ్యి అయిదింతలు ఎక్కువ తిరగాలి, బదులుగా బలం అయిదింతలవుతుంది. ఊరికే ఏదీ రాదు, దూరం ఇచ్చి బలం కొనుక్కుంటాం. ఇద్దరు మనుషులు పిడి పట్టుకుని తిప్పుతూ టన్నుల బరువున్న రాతిని గాల్లోకి లేపగలిగారంటే ఈ బేరం వల్లే. కరెంటు మోటారు లేని రోజుల్లో లోకంలో పెద్ద పనులెన్నో ఇలా పళ్ళ చక్రాలతోనో, కప్పీలతోనో జరిగాయి.

తరవాత చిన్నాడికి ఇనప రేకుల మీద వరసగా ఉన్న బొడిపెలు నచ్చాయి. అవి రివిట్లు. వెల్డింగు రాకముందు రెండు రేకుల్ని కలపాలంటే రెండిట్లోనూ బెజ్జం వేసి, కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనప మేకుని అందులో దూర్చి, అవతలి వైపు తలని సుత్తితో కొట్టి చదును చేసేవారు. అందం ఎక్కడుందంటే, ఆ మేకు చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది. కుంచించుకుపోతూ రెండు రేకుల్నీ దగ్గరికి లాగి బిగించేస్తుంది. సుత్తి చేసిన పని కన్నా చల్లారడం చేసిన పని ఎక్కువ. ‘వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయి’ అని నేను బ్లాక్‌బోర్డు మీద రాసి రాసి అలిసిపోయాను. ఒక్క రివిట్టు చూపించుంటే సరిపోయేది కదా అనిపించింది.

అప్పుడడిగింది పెద్దది, అసలు ప్రశ్న. “మెషీన్లు సరే. అంత పెద్ద ఆనకట్టకి రాళ్ళెక్కడివి? రాయి ఎలా వచ్చింది, అమ్మమ్మా?”

ఇసక తప్ప రాయి లేని గోదారిలో ఈ ప్రశ్న రావాల్సిందే. డెల్టాలో మా కోనసీమ వైపు పొలంలో గులకరాయి దొరికితే పిల్లలు జేబులో వేసుకుంటారు. ధవళేశ్వరం అదృష్టం ఏంటంటే ఇక్కడ నదిని ఆనుకునే కొండలున్నాయి. ఆ కొండ రాయినే కొట్టి, మోసి, పడవలకెక్కించి నదిలో వేశారు. కొండ దగ్గర్నుంచి రాయి తేవడానికి 1845లో ఇక్కడ ఇనప పట్టాలు పరిచారు, వాటి మీద రాళ్ళ బండ్లు నడిచాయి.

“కానీ ఇండియాలో ఫస్టు ట్రెయిను 1853 కదా? బాంబే టు ఠాణా?” పెద్దది పట్టేసింది. జీకే పుస్తకంలో అదే ఉంటుంది మరి. అది ప్రయాణికుల రైలు, 1853 ఏప్రిల్ 16న నడిచింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందే ధవళేశ్వరంలో పట్టాలున్నాయి. దీనికన్నా ముందు, 1837లో, మద్రాసు దగ్గర రెడ్ హిల్స్‌లో కూడా ఇలాగే రాళ్ళు తోలడానికి పట్టాలు వేశారు. ఆ పని చేయించింది కూడా కాటనే. మనుషులెక్కని రైళ్ళు కాబట్టి జీకే పుస్తకాలకెక్కలేదు. ఈ ముక్క చెప్పాక పెద్దదాని నడక మారింది. పుస్తకంలో లేని సంగతొకటి తనకి దొరికిందని పిల్లలకి అనిపిస్తే చాలు, ఆ పైన వాళ్ళే వెతుక్కుంటారు.

ఇప్పుడు లోపలికి వెళ్ళొచ్చు. ఇప్పుడు వాళ్ళే పటాలు చూస్తారు.

డెల్టా పటం ముందు చిన్నాడు అడిగింది నా సర్వీసులో ఏ పిల్లాడూ అడగలేదు. “గోదాట్లో అన్ని నీళ్ళుంటే కరువెందుకొచ్చింది?” 1832–33లో, నందన నామ సంవత్సరంలో, డొక్కల కరువు కోస్తా అంతటినీ తినేసింది. 1839 నవంబరులో తుపాను వచ్చి సముద్రం కోరంగి రేవుని ముంచేసింది. 1821లో ఏడు లక్షల ముప్ఫై వేలు దాటి ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 లెక్కకి అయిదు లక్షల అరవై వేల చిల్లరకి పడిపోయింది. పక్కనే ఇంత నది పారుతుండగా!

కారణం చాలా చిన్నది, కాబట్టే పిల్లలకి చెప్పాలి. వరదొస్తే నది గట్టు దాటి పొలం మీద పడుతుంది. వరద తగ్గితే పొలానికి అందనంత కిందకి దిగిపోయి, ఎవరికీ పనికిరాకుండా సముద్రానికి పోతుంది. ఎక్కువైనా చావే, తక్కువైనా చావే. కావాల్సిందల్లా ఎండాకాలపు నీటి మట్టాన్ని కొన్ని అడుగులు పైకి లేపడం. లేపితే ఆ పైన పని భూమే చూసుకుంటుంది. డెల్టా నేల నది ఒండ్రుతో పేరుకున్నది, అందుకే నది పక్కన ఎత్తుగా, పోనుపోను పల్లంగా ఉంటుంది. ఆ మెరక మీద నుంచి కాలవ తీస్తే, పాపిట్లో పోసిన నూనె రెండు పక్కలకీ జారినట్టు నీళ్ళు వాటంతటవే పొలాల్లోకి దిగుతాయి. పంపులక్కర్లేదు, కరెంటక్కర్లేదు. ఈ రోజుకీ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో పది లక్షల ఎకరాల పైచిలుకు తడిసేది ప్రధానంగా ఈ వాలు మీద ఆధారపడే. మన సార్వా, దాళ్వా పంటలు రెండూ దీని చలవే.

మరి ఇసక మీద ఆనకట్ట ఎలా నిలబడింది? పునాదికి రాయి తగలనిచోట కట్టడం ఎలాగో కాటన్ ఇంగ్లండులో నేర్చుకోలేదు. అంతకుముందు ఆయన కావేరి మీద పనిచేశాడు. అక్కడ కరికాల చోళుడి పేరు మీద చెప్పుకునే పాత ఆనకట్ట ఇసకలోనే వందల ఏళ్ళు నిలబడి ఉండటం చూశాడు. ఆ విద్య తంజావూరు పనివాళ్ళదేనని ఆయనే రాసుకున్నాడు. 1836లో కావేరి పాయ కొళ్ళిడం మీద తన ఆనకట్టలు కట్టాక, అదే పద్ధతిని గోదారికి తెచ్చాడు. ఇసకలో బావులు దించి వాటి మీద గోడ, దాని వెనక రాళ్ళ రాశి, పైన సున్నంతో కట్టిన రాతి కప్పు. ఎత్తు పన్నెండడుగులే. పొడవు మాత్రం నాలుగు పాయలకీ కలిపి మూడున్నర కిలోమీటర్ల పైన. ఎత్తు తక్కువ కాబట్టే వరద దాని నెత్తి మీద నుంచి దాటిపోయేది. నదితో కుస్తీ పట్టని కట్టడం అది. నా లెక్కలో కాటన్ గొప్పతనం పొడవులో లేదు, ఆ పన్నెండడుగుల దగ్గర ఆగడంలో ఉంది.

ఇక్కడో మాట చెప్పాలి. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహం లేని ఊరు అరుదు. కొన్నిచోట్ల స్నాన సంకల్పంలో ఆయన పేరు కూడా చెబుతారు. నాకేం అభ్యంతరం లేదు. కానీ పిల్లలకి కథ చెప్పేటప్పుడు ‘కాటన్ కట్టాడు’ అని ముగించెయ్యడం నాకిష్టం ఉండదు. పని మొదలైన కొత్తలోనే పదివేలమంది కూలీలు దిగారు. వడ్రంగులు, కమ్మర్లు, రాళ్ళు కొట్టేవాళ్ళు, పడవలవాళ్ళు, సున్నం గానుగ తిప్పేవాళ్ళు. మధ్యలో జబ్బు చేసి కాటన్ సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్ళిపోతే కెప్టెన్ ఓర్ పని నడిపాడు. మొదటి నుంచీ కాటన్ పక్కన నిలబడి కూలీల్ని కూడగట్టిన మనిషి వీణం వీరన్న. ఇంతమందిలో ఆయన పేరు మనకి మిగిలింది, అదే గొప్ప. మ్యూజియంలో ఏ పనిముట్టు ముందు నిలబడ్డా పిల్లల్ని ఇది ఎవరి చేతిలో ఉండేదో ఊహించమనండి. పిడి అరిగిన చోటు వెతకమనండి. దొరికితే ఆ చోటు మీద వాళ్ళ చెయ్యి పెట్టించండి, అక్కడివాళ్ళు ఒప్పుకుంటే.

మ్యూజియం చూడటం అక్కడితో అయిపోదు. బ్యారేజీ మీదికి నడవాలి.

పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ పని 1970లో మొదలై 1982కి పూర్తయింది. దీనికీ కాటన్ పేరే. 2022లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో చేర్చింది. మా వాళ్ళకి నేను పెట్టిన ఆట: గేట్లు లెక్కపెట్టండి. ధవళేశ్వరం పాయ మీద 70, ర్యాలి మీద 43, మద్దూరు మీద 23, విజ్జేశ్వరం మీద 39. చిన్నాడు ఇరవై దాకా లెక్కపెట్టి లారీ అడ్డమొచ్చిందని మొదటికొచ్చాడు. పెద్దది నాలుగు అంకెలూ కూడి 175 అంది. ఇద్దరికీ ఎవరి వయసుకి తగ్గ పని వాళ్ళకి దొరికింది.

గేటు పక్కన నీటి మట్టం చూపించే కొలబద్ద ఉంటుంది. డెల్టాలో పెరిగినవాళ్ళకి ఆ అడుగులు బళ్ళో నేర్చుకున్న ఎక్కాల కన్నా బాగా గుర్తు. 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మూడో హెచ్చరిక అంటే లంకల్లో వాళ్ళు గొడ్లని తోలుకుని గట్టెక్కాలి. 1986 ఆగస్టులో ఇక్కణ్ణుంచి సముద్రంలోకి 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే ఇరవై ఎనిమిది లీటర్ల పైన. గుణించుకోండి, సెకనుకి దాదాపు పదికోట్ల లీటర్లు. 2022 జూలైలో 25 లక్షలు దాటితేనే మేమందరం టీవీల ముందు కూర్చుండిపోయాం. మనవరాలికి ఈ గుణకారం చేయించాక ఆమె రెయిలింగు దగ్గర్నుంచి ఓ అడుగు వెనక్కేసింది. మే నెల కావడంతో కింద గోదారి ఇసక తిప్పల మధ్య సన్నగా ఉంది.

(పులస సంగతి అడగని గోదావరి పిల్లలుండరు. వరద నీటికి ఎదురీదుకుంటూ సముద్రం నుంచి ధవళేశ్వరం దాకా వచ్చే చేప అది. ‘గేటు మూస్తే చేప ఎలా వస్తుంది’ అని చిన్నాడు గేట్ల మీద జాలి పడకుండా చేప మీద జాలి పడ్డాడు. నది ఇంజనీర్లదే కాదని వాడికి అప్పుడే తెలిసినట్టుంది.)

నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైంది కాలవ మీది లాకు. మా నాన్నగారు కోనసీమలో ఒక కాలవ మీద లాకు చూసుకునే లస్కరు. మా చిన్నతనం లాకు గోడ మీదే గడిచింది. ఇప్పటి పిల్లలకి లాకు అంటే ఫోనుదో తలుపుదో. డెల్టాలో మా అమ్మమ్మల కాలంలో ఊరికి ఊరికి మధ్య రోడ్డంటే కాలవే. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, పెళ్ళివారు, రోగులు అందరూ పడవల మీదే. గాలుంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే గట్టు మీద తాడు భుజానేసుకుని లాగేవారు. కానీ కాలవ వాలుగా ఉంటుంది కదా. మధ్యమధ్య నీళ్ళు మెట్టుగా కిందికి దూకే చోట పడవ ఎలా దిగాలి, ఎలా ఎక్కాలి? అందుకే లాకు.

రాతి గోడల మధ్య ఒక తొట్టి. ఎగువన రెండు తలుపులు, దిగువన రెండు తలుపులు. కిందనుంచి పడవ లోపలికి రాగానే దిగువ తలుపులు మూసేస్తారు. ఎగువ తలుపుల్లో ఉండే చిన్న తూములు ఎత్తుతారు. నీళ్ళు తొట్టిలోకి వస్తాయి, పడవ మెల్లగా పైకి లేస్తుంది. లోపలి మట్టం, ఎగువ మట్టం ఒకటి కాగానే తలుపులు సుళువుగా తెరుచుకుంటాయి. అంతకు ముందు ఏనుగుల్ని కట్టి లాగినా తెరుచుకోవు. పడవని ఎవరూ ఎత్తలేదు, ఇంధనం ఖర్చు లేదు. ఒక్కో పడవకి ఖర్చయ్యింది తొట్టెడు నీళ్ళు, నాన్నగారి కేక ఒకటి.

పిల్లలకి చూపించాల్సిన రహస్యం తలుపుల్లో ఉంది. లాకు తలుపులు మన ఇంటి తలుపుల్లా తిన్నగా మూసుకోవు. రెండూ ఎగువ వైపుకి మొనదేలి కలుస్తాయి. “రెండు అరచేతుల్నీ ఇంటి కప్పులా ఆనించి పెట్టండర్రా” అన్నాను. పెట్టారు. “ఇప్పుడు మొన మీద నేను నొక్కుతాను, విడిపోతాయేమో చూడండి.” నొక్కే కొద్దీ వేళ్ళు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. ఎగువ నీళ్ళు ఎంత ఎక్కువగా తోస్తే తలుపులంత గట్టిగా మూసుకుంటాయి. గడియ అక్కర్లేదు. నీళ్ళని ఆపడానికి నీళ్ళనే కాపలా పెట్టారు. చిన్నాడు బస్సులో తిరిగొచ్చేదాకా ఎదుటి సీటు ఆవిడ వీపు మీద ఆ చేతుల ప్రయోగం చేస్తూనే ఉన్నాడు. ఆవిడ ఏమనలేదు. “మీ మనవడాండి? ఆయ్, చెయ్యనివ్వండి” అంది.

లాకు చూడాలంటే ఎప్పుడు వెళ్ళాలన్నది అందరూ తిరగేసి చెబుతారు. కాలవల నిండా నీళ్ళున్నప్పుడు అందం. నేర్చుకోవాలంటే మాత్రం ఎండాకాలం, కాలవలు కట్టేసిన రోజులు. ఏప్రిల్లో కట్టేసి జూన్‌లో వదిలేదాకా మరమ్మతుల కోసం నీళ్ళుండవు. అప్పుడు లాకు అడుగు కనిపిస్తుంది, తలుపు ఆనే రాతి గుమ్మం కనిపిస్తుంది, గోడలో నీటి మట్టాల గీతలు కనిపిస్తాయి. నీళ్ళుంటే ఏదీ కనపడదు. ఎండ సంగతంటారా, పొద్దున్నే వెళ్ళండి. దారిలో ముంజలు దొరుకుతాయి.

రాజమండ్రిలో ఉండగా పుష్కరఘాట్ వైపు వెళ్తే మరో పాఠం నదికి అడ్డంగా నిలబడి ఉంది. హేవ్‌లాక్ వంతెన పని 1897 నవంబరులో మొదలైంది, 1900 ఆగస్టులో రైలు నడిచింది. మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. కట్టించిన ఇంజనీరు వాల్టన్ అంతకుముందు కాశీలో గంగ మీద వంతెన కట్టినవాడు. రాతి స్తంభాల మీద 56 ఇనప గర్డర్లు. 1997లో దాని మీద రైళ్ళాపేశారు. దాని పక్కనే 1974లో వచ్చిన రోడ్డు–రైలు వంతెన, 1997 నాటి కాంక్రీటు విల్లుల వంతెన ఉన్నాయి. ఒకే నది మీద, ఒక్క చూపులో, వందేళ్ళ ఇంజనీరింగు. ఇనుము పోయి కాంక్రీటు ఎందుకొచ్చిందో, గర్డరు పోయి విల్లు ఎందుకొచ్చిందో అడగమనండి. రివిట్ల బొడిపెలు ఇక్కడ వేల సంఖ్యలో కనిపిస్తాయి. మ్యూజియంలో చూసినవే. ‘ఇవీ అవే కదా’ అని పిల్లలే గుర్తుపడతారు. నేను చిన్నప్పుడు రైల్లోంచి గోదాట్లో కానీలు వేసింది ఈ వంతెన మీద నుంచే.

ఇంగ్లండులో ఐరన్‌బ్రిడ్జ్ అని ఒక ఊరుంది. 1779లో అక్కడ ప్రపంచంలో మొదటి పెద్ద ఇనప వంతెన కట్టారు. ఆ వంతెన, చుట్టుపక్కల కొలుములు, గనులు అన్నీ కలిపి 1986లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. లోయ మొత్తం ఒకే మ్యూజియంలా నడుస్తుంది. మనకీ అలాంటి లోయ ఉంది. ధవళేశ్వరం యంత్రాలు, బ్యారేజీ, లాకులు, పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయని కాలవ దాటడానికి కట్టిన నలభై తొమ్మిది తూముల పాత అక్విడక్టు, హేవ్‌లాక్ వంతెన. అన్నీ ఒక్క పూట ప్రయాణం దూరంలో ఉన్నాయి. వాటిని ఒక కథగా కలిపి చెప్పే మనిషే కావాలి. ఆ మనిషి టీచరు కావచ్చు, తాతయ్య కావచ్చు, పడవ నడిపిన ముసలాయన కావచ్చు.

స్కూళ్ళవాళ్ళకి ఒక విన్నపం. ఎక్స్‌కర్షను అంటే వండర్‌లా, జూ పార్కు, ఫిల్మ్ సిటీ. వెళ్ళండి, కాదనను. ఏడాదికి ఒక్క బస్సు మాత్రం ధవళేశ్వరానికి వెయ్యండి. అరవైమందిని ఒకేసారి గదుల్లోకి తోలకండి, పది పదిగా విడగొట్టండి. నోట్సు రాయించకండి. ఒక్కో పిల్లకీ ఒక్కో యంత్రం అప్పగించి, ‘ఇది ఆగిపోతే ఏ పని ఆగిపోతుంది?’ అని అడగండి. తిరిగొచ్చాక పరీక్ష పెట్టకండి.

తల్లిదండ్రులకి ఇంకొకటి. మీ ఊళ్ళో మూతపడిన రైసు మిల్లుంటే, చెరకు గానుగుంటే, పాత ఆయిలింజనుంటే, దాన్ని పాత ఇనుముకి అమ్మే లోపే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. దాన్ని నడిపిన మనిషి ఇంకా ఉంటే ఆయన చేతే చెప్పించండి, ఫోనులో రికార్డు చెయ్యండి. మ్యూజియం ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఆ మనిషి మళ్ళీ దొరకడు.

కాటన్ పుట్టినరోజు మే 15. ఆ పక్క రోజుల్లోనే కాలవలు కట్టేసి ఉంటాయి, పిల్లలకి సెలవులుంటాయి. వేళలు ముందు కనుక్కుని, నీళ్ళ సీసాలు, టోపీలు పెట్టుకుని, పొద్దున్న ఎనిమిదిలోపు ఇంట్లోంచి బయల్దేరండి.